దూరింది కదా అని తగిలించిన ప్లగ్గు

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ప్లగ్గు దూరడం వేరు, సరిపోవడం వేరు. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండాక గానీ ఇది నా తలకెక్కలేదు. ఎక్కేలోగా ఒక పెళ్ళి చెడగొట్టబోయాను. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్ళకి నా గొప్పలు కావాలి. నేను ముందు ఈ బుద్ధితక్కువ పని చెప్పి, ఆ తరవాతే గొప్పకి వస్తాను. గొప్ప లేకపోలేదు, కంగారు పడకండి.

తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు కాల్చేవాళ్ళు, మేం బాగుచేసేవాళ్ళం. అదే ఉద్యోగం. ఐటీఐలో రేడియో, టీవీ ట్రేడులో మా బ్యాచి మొత్తానికి నేనొక్కదాన్నే ఆడపిల్లని. అందుకని నాకు నోరు కొంచెం ఎక్కువ, నాకు తెలీనిది లేదన్న పొగరు ఇంకొంచెం ఎక్కువ. ఇల్లు ఏలూరులో. పొద్దున్న పాసింజరెక్కి గూడెం, సాయంత్రం పాసింజరెక్కి ఇల్లు.

ఆ పాసింజరులో దెందులూరు దగ్గర ఒకామె ఎక్కేది. ఉంగుటూరు వైపు ఒక మిషను హాస్టల్లో కుట్టు టీచరు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. నెమ్మదస్తురాలు. కిటికీ పక్కన కూర్చుని ఎవరివో జాకెట్లకి హుక్కులు కుట్టుకునేది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిందేమో, ఒకరోజు సూది ఆపి అడిగింది.

"అక్కా, మీరు కంప్యూటర్లు బాగుచేస్తారంట కదండీ. పాత కంప్యూటరుకి జాయ్‌స్టిక్కు ఎక్కడైనా దొరుకుద్దాండీ?"

"ఏం, ఆటలాడతావా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నా పెళ్ళి దాని దగ్గరే ఆగిపోయిందండి" అంది.

భీమడోలు వచ్చేలోపు సంగతంతా చెప్పింది. కొల్లేరు అంచున ఒక లంక ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు. పుట్టుకతోనే చేతులు, కాళ్ళు, మెడ ఆయన మాట వినవు. గొంతు వస్తుంది గానీ మాట ఎవరికీ అర్థం కాదు, ఒక్క వాళ్ళమ్మగారికి తప్ప. ఆయనకి ఇరవై ఏళ్ళప్పుడు, మిషను ఆస్పత్రిలో పనిచేసిన విదేశీ డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ, తన ఇంట్లో ఉన్న కంప్యూటరు ఆయనకిచ్చేసింది. కీబోర్డులోనే యంత్రమంతా ఉండే రకం అది. టీవీకి తగిలించి, టేపురికార్డరులో క్యాసెట్టు పెడితే ప్రోగ్రాం ఎక్కుతుంది. ఆవిడే కూర్చుని తెలుగు అక్షరాలు గీసి ఆయన కోసం ఒక ప్రోగ్రాం చేసింది. తెర మీద అక్షరాలు వరసగా ఉంటాయి. జాయ్‌స్టిక్కు నాలుగు వైపులా నెడితే ఒక గడి వాటి మీద కదులుతుంది. బొత్తాం నొక్కితే ఆ అక్షరం కింద వరసలో పడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆయన మాట్లాడింది అలాగే. లెక్కల్లో ఆయన దిట్టని విని, హాస్టలు పిల్లల సందేహాలు పట్టుకుని ఈమె శనివారాలు ఆయన దగ్గరికి వెళ్ళేది. ఆరేళ్ళు వెళ్ళింది. లెక్కలు అయిపోయినా వెళ్ళడం ఆగలేదు.

పెళ్ళి మాట బయటపడిన వారంలోనే ఆ జాయ్‌స్టిక్కు కర్ర విరిగింది. ఇరవై ఏళ్ళ ప్లాస్టిక్కు, ఎన్నాళ్ళని ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఈమె అన్నయ్య మిలట్రీ నుంచి సెలవు మీద వచ్చాడు. అమ్మానాన్నలు లేని ఇల్లు, ఆయనే పెద్ద. వెళ్ళి చూసి అడ్డం తిరిగాడు.

"అతని మాటంతా వాళ్ళమ్మగారి నోట్లోంచే వస్తందండి. పెళ్ళి అతనికి కావాలో ఆవిడకి కోడలు కావాలో నాకెలా తెలుస్తది అంటన్నాడు అన్నయ్య" అంది.

"తల ఊపి చెప్పచ్చు కదా?"

"తల దానంతటదే ఊగుద్దండి ఆయనకి."

సంఘం పాస్టరుగారిదీ అదే మాట. పెళ్ళి ప్రకటన గుడిలో చదవాలంటే ఇద్దరూ ఎవరి సమ్మతి వాళ్ళే చెప్పాలి, ఒకరి బదులు ఇంకొకరు చెప్పడానికి లేదన్నారు. అన్నయ్య సెలవు నాలుగు వారాల్లో అయిపోతుంది. ఆఖరి ఆదివారానికి తేలకపోతే వేరే సంబంధం ఖాయం చేసి మరీ రైలెక్కుతానన్నాడు.

"ఇంకోటండి" అంది, హుక్కు వేపు చూస్తూ. "పెళ్ళయ్యాక నేను కుట్టుపని మానేసి ఇంట్లో ఉండాలని ఆయన అన్నారంటండి. అమ్మగారు చెప్పారు. సరేనన్నాను. కానీ ఆయన అలా అంటారని నేననుకోలేదండి."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు, అందరి మీదా. "జాయ్‌స్టిక్కు సంగతి నాకొదిలెయ్" అన్నాను. అప్పటికి నేను అలాంటి కంప్యూటరు కళ్ళతో చూసి పదేళ్ళు దాటింది.

శనివారం వెళ్ళాను. ఏలూరులో బస్సెక్కి, ఆటో మారి, చేపల చెరువు గట్టు మీద కొంత నడక. ఆయన గోడవారగా వీపుకి దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కళ్ళు చూస్తే చాలు, లోపల మనిషి ఎంత చురుకో తెలిసిపోతుంది. అమ్మగారు కాఫీ ఇచ్చి, కొడుకు చేసే ప్రతి శబ్దానికీ అర్థం చెబుతూ కూర్చుంది. మంచి మనిషి. నలభై ఏళ్ళు కొడుకుని చంటిబిడ్డలా సాకిన చేతులు.

"పెళ్ళయితే అమ్మాయిని గడప దాటనివ్వనండి. మావాడి కోరిక కూడా అదే" అంది.

ఆయన గట్టిగా అరిచాడు. దిండు జారిపోయేంతగా.

"ఏమంటున్నారండీ?" అన్నాను.

"కాఫీ చల్లారిపోతంది, తాగమంటన్నాడండి" అంది.

తాగాను. నాకేం తెలుసు.

జాయ్‌స్టిక్కు చూస్తే ఆశ పోయింది. కర్ర విరగడమే కాదు, లోపలి రాగిరేకులు కాగితాల్లా అరిగిపోయాయి. వెతుకులాట మొదలుపెట్టాను. ఏలూరులో వీడియో గేములు అమ్మే ప్రతి కొట్టూ తిరిగాను. నెట్ సెంటర్లో కూర్చుంటే, విదేశాల్లో ఇలాంటి పాతవి సరదాకి దాచుకునేవాళ్ళు కనిపించారు. ఒకాయన అమ్ముతాను గానీ చేరడానికి నెలా రెండు నెలలు పట్టచ్చని ఈమెయిలు రాశాడు. బెజవాడ వెళ్ళి పాత సామాన్ల కొట్లు గాలించాను. కొత్త కంప్యూటర్ల జాయ్‌స్టిక్కులు బోలెడున్నాయి, వాటి ప్లగ్గులే వేరు. పది రోజులు ఇలాగే పోయాయి.

చివరికి మా ఏలూరు పవర్‌పేటలోనే ఒక పాత బొమ్మల కొట్లో, టీవీకి తగిలించి ఆడుకునే గేముల పెట్టెలో, కర్ర ఉన్న జాయ్‌స్టిక్కు ఒకటి దొరికింది. ప్లగ్గు తిప్పి చూశాను. తొమ్మిది రంధ్రాలు. పైన అయిదు, కింద నాలుగు. అచ్చం అదే. కొట్టువాడి ముందే కళ్ళకద్దుకున్నాను.

మా ల్యాబులో నా సీనియరు ఒకాయన ఉండేవారు. గురువుగారు అనేదాన్ని. ఆయన దగ్గర చిన్న బజరు డబ్బా ఉండేది. రెండు తీగలు దేనికైనా ఆనిస్తే, దారి ఉంటే కుయ్యిమంటుంది. కొత్త వస్తువు ఏదొచ్చినా ఏ రంధ్రం ఎక్కడికి పోతుందో దానితో చూసి, కాగితం మీద గీశాకే తగిలించాలి. ఆయన ల్యాబులో అదొక ఆచారం. నేనే ఎంతమంది పిల్లల్ని ఈ విషయంలో తిట్టానో లెక్కలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళేసరికి అందరూ నా కోసం కాసుకుని ఉన్నారు. అమ్మగారు, కుట్టు టీచరు, మీసం దువ్వుకుంటూ వాళ్ళ అన్నయ్య. బజరు నా సంచిలోనే ఉంది. తీసేదాన్నే. ఈలోగా అన్నయ్య అన్నాడు: "ఏవండీ, మీకొచ్చా ఈ పని? లేకపోతే ఎవరైనా మెకానిక్‌ని పిలుస్తానండి."

అంతే. బజరు సంచిలోనే ఉండిపోయింది. ప్లగ్గు తీసి ఒక్క నొక్కు నొక్కాను. సుబ్బరంగా దూరింది. స్విచ్చి వేశాను.

తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. కింద అడాప్టరు చిటపటమని, కాలిన కంపు గదంతా నిండింది. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కరెంటు ఎగుడుదిగుడు అండీ. మీ ఊళ్ళో వోల్టేజి మరీ ఘోరం" అన్నాను.

అందరూ నమ్మారు. మన దగ్గర ఏది కాలినా తప్పు వోల్టేజిదే కదా. అమ్మగారైతే "మా ఊరి కరెంటు వల్ల మీకెంత శ్రమండీ" అని నొచ్చుకుంది. ఆయన మాత్రం పైకి చూసి, నన్ను చూసి, ఏదో అన్నాడు. అమ్మగారు మొహమాటపడింది.

"ఏమీ అనుకోకండమ్మా. ఫ్యాను మామూలుగానే తిరిగింది కదా అంటన్నాడండి."

నిజమే. ఫ్యాను నెమ్మదిగా, నిలకడగా, నా తల మీదే తిరుగుతోంది. తల దించుకుని ఆ కాలిన అడాప్టరు, పాతా కొత్తా జాయ్‌స్టిక్కులు రెండూ సంచిలో వేసుకుని బయటపడ్డాను. బస్సు దాకా వచ్చిన కుట్టు టీచరు, టిక్కెట్టుకి చిల్లర ఉందా అని అడిగింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆఖరి ఆదివారానికి ఏడు రోజులే మిగిలాయి.

సోమవారం ల్యాబులో గురువుగారి ముందు సంచి బోర్లించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వోల్టేజి అబద్ధంతో సహా. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"బజరు ఎక్కడుందమ్మా అప్పుడు?"

"సంచిలో అండి."

"ఇప్పుడు?"

"సంచిలోనే అండి."

"తియ్యి మరి" అన్నారు.

రంధ్రం రంధ్రానికీ చూశాం. నేను కొన్న కొత్తదాంట్లో కరెంటు తీగ ఉన్న చోట, పాతదాంట్లో ఇంకేదో తీగ ఉంది. నేను తగిలించగానే కలవకూడనివి రెండూ కలిశాయి. ఆ దెబ్బ అడాప్టరు తిన్నది. కంప్యూటరు కూడా తిన్నదో లేదో ఆ రోజుకి మాకు తెలీదు. తరవాత పాత జాయ్‌స్టిక్కు విప్పి చూశాం. తొమ్మిదింటిలో ఆరింటికే తీగలున్నాయి. ఒకటి అన్నిటికీ ఉమ్మడిది. మిగతా అయిదు, పైకి, కిందికి, ఎడమకి, కుడికి, బొత్తానికి. కర్ర ఎటు వంగితే అటు తీగ ఉమ్మడి తీగతో కలుస్తుంది. ఇంకేమీ లేదు.

గురువుగారు నవ్వేశారు. "అయిదు కాలింగ్ బెల్లులమ్మా ఇవి. ఒక పెట్టెలో పెట్టాడు. దీనికోసం నువ్వు బెజవాడ దాకా వెళ్ళావా?"

పది రోజులు లోకమంతా వెతికిన వస్తువు మా బల్ల మీదే తయారవుతుందని తెలిస్తే ఏమనిపిస్తుందో మీకూ ఒకరోజు తెలుస్తుంది. ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే హుషారొచ్చింది.

కాలేజీలో చచ్చిపోయిన జిరాక్సు మిషను ఒకటి పడి ఉంది. మూత ఎత్తితే టక్కుమనే చిన్న స్విచ్చిలు వాటిలో ఉంటాయి, లక్షసార్లు నొక్కినా చెక్కుచెదరవు. అడిగి అయిదు పీక్కున్నాం. కింద దిమ్మకి ఒక రైసుమిల్లు వర్కుషాపులో బరువైన ఇనపరేకు కోయించాను, ఆయన చెయ్యి ఒక్కసారి విసిరినా పెట్టె జరగకూడదని. కర్ర నిటారుగా వెనక్కి రావడానికి సైకిలు ట్యూబు ముక్క. కర్ర కోసం మార్కెట్ యార్డు వైపు మంచం కోళ్ళు చెక్కే వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. టేకుతో, పిడికిట్లో నిండుగా పట్టేలా పైన ఉండ పెట్టి, జానెడు పొడవు కావాలన్నాను.

"ఇంత పొట్టి కోడు దేనికండీ?" అన్నాడు.

"పెళ్ళికండి" అన్నాను.

"ఆయ్. మరి మిగతా మూడూ వద్దాండీ?"

అడాప్టరు అడుగున చీటీ మీద ఏ కరెంటు ఎంత కావాలో రాసి ఉంది. రెండు రకాలు కావాలి. ఒకటి ల్యాబులో పక్కన పడేసిన కిట్టు నుంచి తీశాం, రెండోదానికి రేడియో కొట్లో ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాం. తొమ్మిది రంధ్రాల ప్లగ్గులు మా ల్యాబులోనే డజన్లున్నాయి. తొడుగు కొంచెం లావై కంప్యూటరు సందులో పట్టదనిపించి, ఆకురాయితో అరగదీశాను. అన్నీ అయ్యాక గురువుగారు రెండుసార్లు బజరు పెట్టి చూశారు. నేను నాలుగుసార్లు చూశాను.

శనివారం ఆ ఇంటికి వెళ్ళి, ఏదీ తగిలించకముందే ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మొన్న తప్పు కరెంటుది కాదండీ. నాది. చూడకుండా తగిలించాను. పైగా అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన మూతి వంకరగా నవ్వాడు. ఏదో అన్నాడు.

"తెలుసంటన్నాడండి" అంది అమ్మగారు.

స్విచ్చి వేశాను. టీవీ తెర నీలంగా వెలిగింది. కంప్యూటరు బతికే ఉంది. మొదటిసారి క్యాసెట్టు ఎక్కలేదు. టేపు హెడ్డు దూదితో తుడిచి మళ్ళీ పెడితే, కీచుకీచుమని అరిచి అరిచి ఆఖరికి అక్షరాలు వరసలు కట్టాయి. ఆయన పిడికిలి టేకు ఉండ మీద పడింది. పైకి, కిందికి, ఎడమకి, కుడికి. టక్కు, టక్కు. గడి పరిగెత్తింది. ఆయన గొంతులోంచి వచ్చిన శబ్దానికి అర్థం చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

"ఏమైనా రాయండి, చూద్దాం" అన్నాను.

ఒకే ఒక్క మాట రాశాడు. "రేపు."

అలిసిపోయాడనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూర్చునే ఉంది. బల్ల మీద టీవీ, కింద నా అడాప్టరు, ఆయన ఒళ్ళో నా పెట్టె. పక్కన అమ్మగారు పట్టుచీర కట్టుకుని. ముందు వరసలో అన్నాచెల్లెళ్ళు, వాళ్ళ వెనక నేనూ, చూస్తానని నాతో వచ్చిన గురువుగారూ. పాస్టరుగారు ఆయన దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు.

"బాబూ, ఈమెని పెళ్ళి చేసుకోడం నీకు నీ అంతట నువ్వే ఇష్టమా?"

గడి కదిలింది. ఒక్కో అక్షరానికీ గుడి మొత్తం మెడలు సాచింది. "ఇష్టం." వెనక నుంచి ఎవరో హల్లెలూయ అన్నారు. కుట్టు టీచరు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేనైతే అప్పటికే గెలిచేశాననుకుని గురువుగారి వైపు చూశాను.

అన్నయ్య లేచాడు. గొంతు మర్యాదగానే ఉంది గానీ చూపు మాత్రం అమ్మగారి మీద ఉంది.

"ఒక్క మాట అండీ. ఆ ఒక్క ముక్క ఇంట్లో నేర్పి తీసుకురావచ్చు. మా చెల్లి పని మానెయ్యాలన్నారంటగా. అది ఎందుకో చెప్పమనండి."

"అదేనండీ, ఇంట్లో చూసుకోడానికి మనిషి కావాలి కదా అని వాడే..." అని అమ్మగారు మొదలుపెట్టింది.

టక్కుమంది. కర్ర కదిలింది. ఈసారి ఆగలేదు. ఎడమకి, కిందికి, బొత్తాం. మళ్ళీ పైకి. ఆయన నుదుటి మీద చెమట. భుజం ఎగిరెగిరి పడుతోంది. ఒకసారి చెయ్యి విసురుకి పెట్టె మీద దెబ్బ పడింది. ఇనపదిమ్మ జరగలేదు, టేకు కర్ర విరగలేదు. ఒక తప్పు అక్షరం పడితే చెరిపి మళ్ళీ రాశాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది. ముందు వరసలో చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకి చెవిలో చదివి చెబుతున్నారు.

"పని మానమని నేను అనలేదు. అమ్మ అంది. ఈమె కుట్టాలి. నేను లెక్కలు చెప్పాలి."

ఆ మిలట్రీ అన్నయ్య అనుమానం నిజమే. అమ్మగారు తన మాటలు కొడుకు నోట్లో పెట్టింది. ఆ కొడుకు మనసులో ఏముందో ఎవరికీ తెలీదన్న మాట మాత్రం అక్కడే అబద్ధమైపోయింది. వాళ్ళమ్మ కలలో కూడా చెప్పని మాట, వాళ్ళమ్మ ముందే, ఆయనే చెప్పాడు. ఎవరైనా నేర్పితే వచ్చే ముక్క కాదది.

అమ్మగారికి చదువొచ్చు. తెర మీదది చదివింది. మొహం ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. కొడుకు వంక అలాగే చూసింది.

"నీకోసమే కదరా" అంది, చాలా చిన్నగా.

కర్ర మళ్ళీ కదిలింది. "తెలుసమ్మా."

పెద్దావిడ కళ్ళు వత్తుకుంది. తరవాత కోడలు కాబోయే అమ్మాయి వైపు తిరిగి, "అలాగేనమ్మా. కుట్టుకో" అంది. కుట్టు టీచరు ఏడుస్తూనే నవ్వుతోంది. నేనూ అంతే, దాచుకోవడం ఎందుకు. నా సర్వీసులో ఎన్నో బాగుచేశాను, ఒక మనిషి గొంతు చేతిలో పెట్టింది మాత్రం ఆ ఒక్కసారే.

అప్పటిదాకా ఏది అడిగినా అమ్మగారినే అడిగిన అన్నయ్య, రెండడుగులు వేసి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహంలో మొహం పెట్టి చూశాడు.

"బావగారూ, నేను రేపు సెలవు పొడిగించమని తంతి ఇస్తానండి. మూడు ఆదివారాల ప్రకటన అయిపోగానే పెట్టేసుకుందామా? తమరికి ఎప్పుడు వీలు?"

నలభై ఏళ్ళ అలవాటు. అమ్మగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచి, ఆగిపోయింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, మా అందరిలాగే టీవీ వైపు తిరిగి, కొడుకు ఏమంటాడో అని కాసుకుని కూర్చుంది.